కల్మినేట్ అంటే ‘అయిపోయింది’ అని కాదు: ఒక ఇంగ్లీషు మాట, దాని అర్థం, వాడుక



ఈసారి ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి రాస్తున్నాను. ఆ మాట ‘కల్మినేట్’. స్పెల్లింగ్ సీ, యూ, ఎల్, ఎమ్, ఐ, ఎన్, ఏ, టీ, ఈ. పేపర్లో, సర్కులర్లలో, పైతరగతుల పాఠాల్లో తరచు కనబడుతుంది. చాలామంది దీన్ని చూసి ‘ముగిసింది, మూసేశారు’ అని చదివేసుకుంటారు. అది సగం అర్థమే. మిగతా సగం వదిలేస్తే ఎంత నష్టమో మన బడిలోనే చూశాము. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత మాట దగ్గరికి వస్తాను.

జరిగిన సంగతి

కొన్నేళ్ల కింద ఒక కార్యాలయం నుంచి మన బడికి ఇంగ్లీషులో ఒక సర్కులర్ వచ్చింది. స్కాలర్‌షిప్పులకు కావాల్సిన సర్టిఫికెట్ల కోసం పది రోజుల కార్యక్రమం పెట్టారు. మొదటి రోజుల్లో ఫారాలు పంచడం, ఎలా నింపాలో చెప్పడం. ఆఖరి రోజున అధికారులే వచ్చి, కాగితాలు చూసి, అక్కడికక్కడే సర్టిఫికెట్లు ఇవ్వడం. ఈ రెండో సంగతిని సర్కులర్లో ‘కల్మినేటింగ్ ఇన్ ఎ స్పెషల్ క్యాంప్’ అని రాసి, కింద తేదీ వేశారు.

నేను ఆ కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు బోర్డుకి అంటించేశాను. సాయంత్రం కూలిపని నుంచి వచ్చిన తల్లులు ప్లస్ టూ చదివే ఒక పిల్లవాణ్ణి పిలిచి చదివించుకున్నారు. వాడికి ‘టర్మినేట్’ అనే మాట తెలుసు. ఇదీ అలాంటిదే అనుకొని, “ఆ తేదీతో క్యాంపు క్లోజ్ అంట అక్కా” అని చెప్పాడు. ఫారాలు అప్పటికే తీసుకున్నాం కదా, ఇక ఆ రోజు వెళ్లి చేసేదేముంది అని ఆరు ఇళ్లవాళ్లు ఊరుకున్నారు. అసలు పని జరిగే రోజు అదే.

తర్వాత ఆ ఆరుగురూ తాలూకా ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చింది. గులాబీ తోటలో పనిచేసే ఒక తల్లికి రెండు రోజుల కూలి పోయింది. “ఆ ముక్క తెలుగులో రాసుంటే వచ్చేదాన్ని కదా సార్” అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. చదివిన పిల్లవాడిది తప్పు కాదు, సర్కులర్ పంపినవాళ్లదీ కాదు. అర్థం చెప్పకుండా అంటించిన నాదే తప్పు. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

అర్థం

ఒక పని, ఒక ప్రయత్నం, ఒక ఉద్యమం, ఒక గొడవ కొంతకాలంగా మెట్టు మెట్టుగా ఎదుగుతూ వచ్చి చివరికి ఒక పెద్ద ఘట్టానికి చేరుకుంటే, ఆ చేరుకోవడాన్ని ‘కల్మినేట్’ అంటారు. ఇందులో మూడు సంగతులు ఉండాలి.

1. ముందు కొంత నడక ఉండాలి. ఒక్క క్షణంలో జరిగిపోయినదానికి ఈ మాట పనికిరాదు.
2. ఆ నడకలో ఎదుగుదల ఉండాలి. రోజూ ఒకేలా జరిగేదానికి పనికిరాదు.
3. చివర వచ్చేది అంతకుముందు వచ్చినవాటికన్నా పెద్దదై ఉండాలి. ముందు జరిగినదంతా దానికోసమే, లేదా దానివైపే, అన్నట్టు ఉండాలి.

‘ఎండ్’ అంటే ఆగిపోవడం. ‘కల్మినేట్’ అంటే ఎక్కి ఎక్కి కొసకి చేరడం. ఆ రెండింటి తేడా పట్టుకుంటే మిగతాదంతా తేలిక.

పలకడం: ‘కల్‌మినేట్’ అన్నప్పుడు మొదటి ‘కల్’ మీద ఒత్తు పెట్టాలి. నామవాచకం ‘కల్మినేషన్’ అన్నప్పుడు ఒత్తు ‘నే’ మీదికి వస్తుంది. విశేషణం ‘కల్మినేటింగ్’.

మాట ఎక్కడిది?

లాటిన్ భాషలో ‘కుల్మెన్’ అంటే శిఖరం, కొస, ఇంటి కప్పు మీది నడికొప్పు. దాని నుంచే ఈ క్రియ పుట్టింది. స్తంభం అనే అర్థమున్న ‘కాలమ్’ కూడా ఈ కుటుంబంలోదే. మిలిటరీలో వినే ‘కల్నల్’ ఆ ‘కాలమ్’ మాట నుంచి ఇటలీ భాష మీదుగా వచ్చింది. బారులు తీరిన సైనికుల వరుసకి పెద్ద అని అర్థం. మేలుగా రాణించడం అనే అర్థంలో వాడే ‘ఎక్సెల్’ కూడా వీళ్ల దూరపు చుట్టమే. అన్నింటిలోనూ ఎత్తు, పైకి లేవడం అనే భావం ఉంది.

ఇంగ్లీషులోకి ఈ మాట 1640ల్లో వచ్చింది. వచ్చినప్పుడు కొండలకోసం రాలేదు, ఆకాశంకోసం వచ్చింది. సూర్యుడు గానీ చంద్రుడు గానీ నక్షత్రం గానీ తూర్పున పొడిచి, పైకి ఎక్కి, ఆ రోజుకి తాను చేరగలిగినంత ఎత్తుకి చేరడాన్ని ఖగోళశాస్త్రంలో ‘కల్మినేషన్’ అంటారు. ఇప్పటికీ ఆ శాస్త్రంలో అదే మాట. మనుషుల పనులకి ఈ మాట వాడడం ఆ తర్వాత వచ్చింది.

ఇక్కడ మన భాషలు కూడా చూడండి. మనం ‘మిట్టమధ్యాహ్నం’ అంటాము. మిట్టపల్లాలు అన్నప్పుడు మిట్ట అంటే ఎత్తైన చోటు. పొద్దు ‘నడినెత్తికి వచ్చింది’ అనీ అంటాము. మన పిల్లలు వీధిలో వినే తమిళంలో ‘ఉచ్చి’ అంటే శిఖరం, నడినెత్తి. ‘ఉచ్చి వెయిల్’ అంటే మిట్టమధ్యాహ్నపు ఎండ. గుళ్లో మధ్యాహ్నం జరిగేది ‘ఉచ్చికాల పూజ’. తిరుచ్చిలో రాతికొండ కొసన ఉన్న వినాయకుడు ‘ఉచ్చి పిళ్లయార్’. లాటిన్ వాళ్లు శిఖరం మాటతో పొద్దు ఎత్తుని చెబితే, ఇక్కడివాళ్లూ అదే పని చేశారు. కాబట్టి పిల్లలారా, ఈ మాట మీకు పరాయిది కాదు. దాని వెనక ఉన్న ఆలోచన మీ ఇంట్లో ఉన్నదే.

చేసి చూడండి

ఈ మాటని కళ్లారా చూడొచ్చు. బడి ఆవరణలో చదునైన చోట ఒక కర్రని నిటారుగా పాతండి. ఉదయం పదకొండున్నర నుంచి ఒకటి దాకా ఐదేసి నిమిషాలకు ఒకసారి నీడ కొసన సుద్దతో గుర్తు పెట్టండి. నీడ కురచవుతూ వచ్చి, ఒకచోట అన్నిటికన్నా పొట్టిగా ఉండి, మళ్లీ సాగడం మొదలవుతుంది. పొట్టిగా ఉన్న ఆ క్షణమే సూర్యుడి కల్మినేషన్. అప్పుడు నీడ సరిగ్గా ఉత్తర దక్షిణాల గీత మీద ఉంటుంది.

అది గడియారంలో సరిగ్గా 12 గంటలకి జరగదు. మన దేశపు గడియారాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి సరిపెట్టారు. ఆ గీతకి పడమర ఉన్నవాళ్లకి డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది, తూర్పున ఉన్నవాళ్లకి ముందే వస్తుంది. ఏడాది సగటు చూస్తే షోలాపూర్‌లో సుమారు 12.26కి, బళ్లారిలో 12.22కి, హోసూరులో 12.19కి, యానాంలో 12.01కి, బరంపురంలో 11.51కి సూర్యుడు మిట్టకి చేరతాడు. ఏడాదిలో ఇది అటూ ఇటూ మారుతుంది. ఫిబ్రవరి మధ్యలో పధ్నాలుగు నిమిషాల దాకా ఆలస్యం, నవంబర్ మొదట్లో పదహారు నిమిషాల దాకా ముందు. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబర్ 1, డిసెంబర్ 25 ప్రాంతాల్లో చూస్తే పైన రాసిన సగటు వేళకి దగ్గరగా ఉంటుంది.

ఇంకొకటి గమనించండి. కల్మినేషన్ అంటే తప్పనిసరిగా నెత్తి మీద ఉండడం కాదు. ఆ రోజుకి అదే ఎక్కువ ఎత్తు, అంతే. డిసెంబర్‌లో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి ఒరిగే ఉంటాడు. మన హోసూరు వైపు ఏప్రిల్ నాలుగో వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారం ప్రాంతంలో ఇంకోసారి మాత్రమే సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలువు కర్రకి నీడే లేకుండా చేస్తాడు. అలా సరిగ్గా నెత్తి మీదున్న చోటుకి ఇంగ్లీషులో ‘జెనిత్’ అని వేరే మాట ఉంది. అది అరబ్బీ నుంచి వచ్చింది.

వాక్యంలో ఎలా వాడాలి?

ఈ మాట వెంట ఎక్కువగా రెండు చిన్న మాటలు వస్తాయి: ‘ఇన్’, ‘విత్’. వీటిని గుర్తుపెట్టుకుంటే పరీక్షలో సగం తప్పులు పోతాయి.

‘కల్మినేట్ ఇన్’: చివరికి దేనికి దారితీసిందో, ఏ ఫలితంగా మారిందో చెప్పడానికి. “మంత్స్ ఆఫ్ ట్రైనింగ్ కల్మినేటెడ్ ఇన్ ది క్లైంబ్” అంటే నెలల తరబడి చేసిన శిక్షణ చివరికి ఆ ఆరోహణగా ఫలించింది అని.

‘కల్మినేట్ విత్’: ఆఖరున జరిగే ముఖ్య ఘట్టాన్ని చెప్పడానికి. “ది ఫెస్టివల్ విల్ కల్మినేట్ విత్ ఎ ప్రొసెషన్” అంటే ఉత్సవాలు ఊరేగింపుతో పూర్తవుతాయి, ఆ ఊరేగింపే వాటి కొస అని.

‘ది కల్మినేషన్ ఆఫ్’: నామవాచకంగా వాడినప్పుడు. “దిస్ ప్రైజ్ ఈజ్ ది కల్మినేషన్ ఆఫ్ టెన్ ఇయర్స్ ఆఫ్ వర్క్” అంటే పదేళ్ల పనికి ఈ బహుమతి పరిపూర్తి అని. ఇక్కడ ‘ఆఫ్’ తర్వాత నడక వస్తుంది. పైన ‘ఇన్’ తర్వాత కొస వచ్చింది. పిల్లలు తారుమారు చేసేది ఇక్కడే.

‘టు’, ‘ఇన్‌టు’ అని వాడొద్దు. ‘ఎట్’ కూడా మామూలుగా రాదు. ‘వాజ్ కల్మినేటెడ్’ అని కర్మణి ప్రయోగంగా రాయడం కూడా మానుకోండి. ఉత్సవం తానే కల్మినేట్ అవుతుంది, ఎవరో దాన్ని కల్మినేట్ చేయరు. అరుదుగా కొందరు అలా రాస్తారు గానీ, బడిపిల్లలు మామూలు పద్ధతిలో పోవడమే క్షేమం.

మనం చేసే తప్పులు

కాపీలు దిద్దేటప్పుడు నాకు కనబడిన తప్పులు ఇవి.

“ఐ కల్మినేటెడ్ మై హోంవర్క్” అన్నారు. హోంవర్క్ అయిపోయింది, అంతే. ‘ఫినిష్డ్’ లేదా ‘కంప్లీటెడ్’ అనాలి.

“ది బస్ కల్మినేట్స్ ఎట్ బాగలూర్” అన్నారు. బస్సు అక్కడ ఆగిపోతుంది. ‘టర్మినేట్స్’ అనాలి. బస్సుకి బాగలూరు శిఖరం కాదు, ఆఖరి స్టాపు.

“ది ఎగ్జామ్ కల్మినేటెడ్ ఎట్ వన్ ఓక్లాక్” అన్నారు. ‘ఎండెడ్’ అనాలి.

“షీ కల్మినేటెడ్ ఎవరెస్ట్” అన్నారు. ఇది అన్నిటికన్నా ఆసక్తికరమైన తప్పు. శిఖరం మాట నుంచి పుట్టింది కాబట్టి శిఖరం ఎక్కడానికి వాడొచ్చనుకున్నారు. కాదు. మనిషి శిఖరాన్ని ‘రీచ్’ అవుతాడు, ‘స్కేల్’ చేస్తాడు, ‘క్లైంబ్’ చేస్తాడు. కల్మినేట్ అయ్యేది మనిషి కాదు, ఆమె చేసిన ప్రయత్నం.

దీనికి మంచి ఉదాహరణ మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. భువనగిరి కొండ మీద రాళ్లు ఎక్కడం నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ తీసుకుంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. దీన్ని ఇంగ్లీషులో ఎలా చెబుతాము? “పూర్ణ రీచ్డ్ ది సమ్మిట్” అనొచ్చు. “హర్ ట్రైనింగ్ కల్మినేటెడ్ ఇన్ ది ఎవరెస్ట్ క్లైంబ్” అనొచ్చు. మొదటి వాక్యంలో ఒక్క రోజే కనబడుతుంది. రెండోదానిలో భువనగిరి రాళ్ల నుంచి మొదలుపెట్టి నడకంతా కనబడుతుంది. ఈ మాట వల్ల లాభం అదే.

ఒక చిక్కు ప్రశ్న

తిరుమల బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు. ఐదో రోజు రాత్రి గరుడసేవ. జనం అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ఆనాడే. తొమ్మిదో రోజున చక్రస్నానం, తర్వాత ధ్వజావరోహణం. మరి ఉత్సవాలు ఎక్కడ కల్మినేట్ అయినట్టు?

పిల్లలు గరుడసేవ అంటారు. జనసందోహం ‘పీక్’కి చేరింది గరుడసేవనాడు, అది నిజమే. కానీ ఇంగ్లీషు పేపర్లు ‘కల్మినేట్’ మాటని చక్రస్నానానికి వాడతాయి. ‘పీక్’ నడిమధ్యలో రావచ్చు, వచ్చి దిగిపోవచ్చు. కరెంటు వాడకానికి పీక్ సాయంత్రం వస్తుంది, తర్వాత తగ్గుతుంది. మనుషుల పనుల విషయంలో ‘కల్మినేట్’ మాత్రం నడక చివరనే వస్తుంది. ఆకాశంలోని సూర్యుడు మిట్టకి చేరి మళ్లీ దిగుతాడు, ఉత్సవం మాత్రం కొసకి చేరి అక్కడ పూర్తవుతుంది. శాస్త్రంలోని వాడుకకీ మామూలు వాడుకకీ ఉన్న తేడా ఇది.

చుట్టుపక్కల మాటలు

క్లైమాక్స్: గ్రీకులో నిచ్చెన అని అర్థం. మొదట్లో ఒక్కో మెట్టూ ఎక్కినట్టు మాటలు పేర్చే అలంకారానికి ఈ పేరు ఉండేది, తర్వాత పై మెట్టుకే పేరైపోయింది. కథకి, సినిమాకి ఎక్కువగా వాడతాము. హోసూరు చంద్రచూడేశ్వరుని కొండకి మెట్లెక్కి వెళ్లినవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. మెట్లు క్లైమాక్స్, పైన గోపురం దగ్గర నిలబడిన చోటు కుల్మెన్.

సమ్మిట్: అన్నిటికన్నా పైనున్న చోటు. దేశాల నాయకులు కలిసే పెద్ద సమావేశాన్ని కూడా అలాగే అంటారు, మనం శిఖరాగ్ర సమావేశం అంటాము.

పీక్: కొండ కొస, ఏదైనా ఎక్కువగా ఉన్న సమయం. ఇలాగే పలికే ఇంకో రెండు మాటలున్నాయి. ఒకటి తొంగి చూడడం, అందులో రెండు ‘ఈ’లు వస్తాయి. ఇంకొకటి మనసు నొప్పించడం లేదా ఆసక్తి రేపడం, అందులో ‘క్యూ’ వస్తుంది. స్పెల్లింగ్ జాగ్రత్త.

అక్యుములేట్: పోగుపడడం. పోగుపడడంలో కొస ఉండదు. అప్పు అక్యుములేట్ అవుతుంది, చివరికి ఇల్లు జప్తులో కల్మినేట్ అవుతుంది.

తెలుగులో ఏమనాలి?

ఒక్క మాట అన్నిచోట్లా సరిపోదు. సందర్భాన్ని బట్టి మార్చుకోవాలి.

మంచి పని ఫలిస్తే: ‘చివరికి ... గా ఫలించింది’, ‘పరిపూర్తి పొందింది’.

గొడవ ముదిరితే: ‘చివరికి ... దాకా వెళ్లింది’, ‘... కి దారితీసింది’. మామూలు మాటల్లో ‘ముదిరి ముదిరి సమ్మెదాకా పోయింది’ అంటాము. నన్నడిగితే కల్మినేట్‌కి ఇంతకన్నా సరైన తెలుగు లేదు.

వేడుకలకి: ‘... తో పూర్తవుతాయి’. వ్రతాలు చేసేవాళ్లకి ‘ఉద్యాపన’ అనే మాట తెలుసు. వారాల తరబడి నోచిన నోముకి చివర చేసే ఆ కార్యం లేకపోతే నోము పూర్తి కానట్టే. కల్మినేషన్ భావం అందులో నిండుగా ఉంది.

ఉద్రేకానికి, భావానికి: ‘పరాకాష్ఠ’, ‘పతాకస్థాయి’, ‘తారస్థాయి’. పరాకాష్ఠలో కాష్ఠ అంటే హద్దు, అంటే ఆవలి హద్దు. తారస్థాయి సంగీతం నుంచి వచ్చింది, మంద్ర, మధ్య, తార అనే మూడు స్థాయిల్లో పైది. ఇవి ఎత్తుని చెబుతాయి గానీ ముగింపుని చెప్పవు. కాబట్టి ‘కోపం తారస్థాయికి చేరింది’ అన్నది కల్మినేట్ కాదు, పీక్.

మన చరిత్ర నుంచి ఒక ఉదాహరణ

ఈ మాటకి సంతోషంతో గానీ దుఃఖంతో గానీ ముడి లేదు. మంచికీ చెడుకీ వస్తుంది. ఆంధ్ర రాష్ట్ర చరిత్రలో రెండూ ఉన్నాయి.

1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తర్వాత నలభై ఏళ్లు సభలు, తీర్మానాలు, కమిటీలు. 1952 అక్టోబర్ 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష మొదలుపెట్టారు. డిసెంబర్ 15 రాత్రి ప్రాణం విడిచారు. నాలుగు రోజులకి, డిసెంబర్ 19న, ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటును ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం ఏర్పడింది.

“ది ఫాస్ట్ కల్మినేటెడ్ ఇన్ హిజ్ డెత్” అని రాయొచ్చు, దీక్ష మరణం దాకా వెళ్లింది అని. “ది మూవ్‌మెంట్ కల్మినేటెడ్ ఇన్ ది ఫార్మేషన్ ఆఫ్ ఆంధ్ర స్టేట్” అని కూడా రాయొచ్చు, ఉద్యమం రాష్ట్రంగా ఫలించింది అని. ఒకే మాట, రెండు రకాల కొసలు.

మనవంటి వాళ్లు ఇక్కడ ఇంకో సంగతి తెలుసుకోవాలి. గీత గీసినప్పుడు తెలుగు మాట్లాడే ఊళ్లన్నీ అటువైపే పడలేదు. 1936లోనే బరంపురం ఒరిస్సాలోకి వెళ్లింది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకి వస్తే బళ్లారి తాలూకా మైసూరుకి వెళ్లింది. మన హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అక్కడివాళ్లకి ఉద్యమం పూర్తయిన చోట, ఇక్కడివాళ్లకి ఇంకో నడక మొదలైంది: పిల్లలకి తెలుగు బడి ఉంచుకోవడం. 1956లో రాజ్యాంగానికి ఏడో సవరణ చేసి 350ఏ అధికరణాన్ని చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. సొంతంగా బడులు పెట్టుకుని నడుపుకునే హక్కు 30వ అధికరణంలో ముందునుంచే ఉంది. మన బడికి ఆధారం ఇవే. ఈ నడక ఎందులో కల్మినేట్ అవుతుందో మన పిల్లలు మన బడికి వస్తారా రారా అన్నదాని మీద ఉంది.

నోటీసులో ఈ మాట కనబడితే

పెద్దవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ‘కల్మినేట్’ దగ్గర చదవడం ఆపొద్దు. దాని తర్వాత ‘ఇన్’ గానీ ‘విత్’ గానీ ఉందేమో చూడండి. ఆ తర్వాత ఏముందో అదే ఆ కార్యక్రమంలో అసలు ముఖ్యమైనది. పక్కన తేదీ ఉంటే, మిగతా రోజులు కుదరకపోయినా ఆ రోజు మాత్రం వెళ్లండి. పిల్లల చేత చదివించుకుంటే, “ఆ మాట తర్వాత ఏముందిరా?” అని మళ్లీ అడగండి.

పిల్లలకి ఒక మాట. తెలియని మాట వచ్చినప్పుడు, దానిలాంటిదే ఇంకో మాట గుర్తొస్తే దాని అర్థం దీనికి అంటించొద్దు. ‘టర్మినేట్’, ‘కల్మినేట్’ చెవికి ఒకేలా ఉంటాయి, ఒకటి గోడ, ఇంకొకటి శిఖరం. “నాకు సరిగా తెలీదు, రేపు సార్‌ని అడిగి చెబుతా” అనడం తప్పు కాదు. మీరు చదివి చెప్పేది నమ్మి ఒక ఇల్లు పనికి సెలవు పెట్టుకుంటుంది, లేదా పెట్టుకోకుండా ఉండిపోతుంది.

అభ్యాసం

ఖాళీలు నింపండి. జవాబులు కింద ఉన్నాయి, ముందు చూడొద్దు.

1. చంద్రయాన్-3 ప్రయాణం: 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరి, ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. “ది జర్నీ కల్మినేటెడ్ ____ ఎ సాఫ్ట్ ల్యాండింగ్.”
2. “ది స్కూల్ వీక్ విల్ కల్మినేట్ ____ ఎ ప్లే బై ది చిల్డ్రన్.”
3. “దిస్ బుక్ ఈజ్ ది కల్మినేషన్ ____ హర్ లైఫ్స్ వర్క్.”
4. తప్పా, ఒప్పా? “ది పీరియడ్ కల్మినేటెడ్ వెన్ ది బెల్ ర్యాంగ్.”
5. తెలుగులో చెప్పండి: “ఎ స్మాల్ క్వారెల్ ఓవర్ వాటర్ కల్మినేటెడ్ ఇన్ ఎ కోర్ట్ కేస్.”

జవాబులు: 1. ఇన్. 2. విత్. 3. ఆఫ్. 4. తప్పు, ‘ఎండెడ్’ అనాలి. 5. నీళ్ల దగ్గర మొదలైన చిన్న గొడవ ముదిరి కోర్టు దాకా వెళ్లింది.

ఇకమీదట మన బోర్డు మీద ఇంగ్లీషు సర్కులర్ ఏది పెట్టినా, దాని కింద తెలుగులో నాలుగు వాక్యాలు రాసి పెడతాము. పెట్టడం మరచిపోతే నన్ను పిలిచి అడగండి, మొహమాటం వద్దు. ఇంటికి వచ్చే కాగితాల్లో అర్థం కాని మాట ఉంటే పిల్లల చేతికిచ్చి పంపండి. ప్రార్థన అయ్యాక పది నిమిషాలు ఆ పనికే పెట్టుకున్నాను.

మీ ప్రధానోపాధ్యాయుడు